తలుపు పక్క కొక్కెం

మే 9

మా ఇంటి అర్ధమొగుడు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు కదా, అందుకే ఈ మర్యాద. నీ ఉత్తరమూ, దాంతో పాటు మీ ఆఫీసు వాళ్ళు అచ్చు వేయించిన కాగితమూ అందాయి. ఫోను చేయమన్నావు గానీ, సరిహద్దు అవతలికి ఫోనులో చెప్పే మాట సగం గాలికే పోతుంది. పైగా ఆ ఫోను కొట్టులో మీ అన్నయ్య కుర్చీ పక్కనే ఉంటుంది. ఆయన సంగతులు ఆయన ముందే ఎలా చెప్పను? అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

కాగితం రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది చెబుతాను, తప్పైతే దిద్దు. మూడు దేశాలు పక్కపక్కనే ఉన్నాయి. మూడూ గొడుగులు చేస్తాయి. ఒకరి గొడుగు ఇంకొకరు రానివ్వకుండా సుంకాలు వేసుకుంటాయి. ఈలోగా ఎక్కడో దూరం నుంచి ఓడల్లో చవక గొడుగులు దిగుతున్నాయి. అవి మొదటి గాలికే వెనక్కి విరుచుకుపోతాయి, రెండో వానకి చెత్తకుప్ప చేరతాయి. అయినా జనం వాటినే కొంటున్నారు. అందుకని ఇకమీద ఎవరికి ఏది బాగా వచ్చో వాళ్ళు అదే చేయాలి, మూడు దేశాలూ కలిసి ఒకే గొడుగు తయారుచేయాలి. కొండ దేశం వాళ్ళు ఊచలు, మీరున్న ఏటవతలి దేశం వాళ్ళు గుడ్డ, మనం కర్రా పిడీ. అంతేనా?

నాకైతే బాగానే తోచింది. మన ఊచలు తుప్పు పడతాయని నీకు తెలుసు, నాకు తెలుసు, ఊచల బల్ల దగ్గర కూర్చునే ముసలి మేస్త్రికీ తెలుసు. మన గుడ్డ రంగు దిగి కొన్నవాళ్ళ భుజాలు నల్లబడతాయి. పిడి విషయంలో మాత్రం మీ అన్నయ్యకు సాటి లేరు. కర్రకి ఆవిరి పట్టి ఎలా కావాలంటే అలా వంచుతారు. ఆయన్ని వంచడమే ఇన్నేళ్ళుగా నావల్ల కాలేదు.

కాగితం చదివి వినిపిస్తే ఆయన ఒకటే మాట అన్నారు. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందట." ఆ మాట అని రంపం అందుకున్నారు. నాన్న గొడుగంతా చేశాడు, మనం పిడి చేసి ఊరుకోవాలా అన్నది ఆయన బాధ. నోటితో అనలేదు, నేనే పట్టుకున్నాను.

అసలు సంగతి నీకు చెప్పకుండా ఎలా ఉంటాను. పోయిన వానాకాలపు గొడుగులు సగం ఇంకా అటక మీదే ఉన్నాయి. ఈ ఒప్పందం కుదరకపోతే వచ్చే ఏడు కొట్టు నడపలేం. పనివాళ్ళంతా నిన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే, వాళ్ళ మొహం చూసి ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అందుకని నువ్వూ మీ ఆఫీసూ దీన్ని కాస్త గట్టిగా పట్టుకోండి.

వానలు ఇంకా మొదలవలేదు. తలుపు పక్క కొక్కెం ఖాళీగా ఉంది. నిన్న దాని దుమ్ము తుడుస్తుంటే, నేను కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వు దాని కింద పీట వేసుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. కొత్త రకం గొడుగు చేసినప్పుడల్లా మామయ్యగారు ముందు దాన్ని అక్కడ తగిలించేవారు. వానలో అవసరమైనవాళ్ళు అడక్కుండా పట్టుకెళ్ళేవారు. పని తీరాక తెచ్చి, ఎక్కడ కారిందో ఎక్కడ పట్టేసిందో చెప్పి పోయేవారు. ఆ తిట్లు ముందు వినేది నువ్వే. వాటికి ఇంకొంచెం ఉప్పూ కారం చేర్చి మామయ్యగారికి మోసేదానివని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

వేళకి తిను. బల్ల మీద నిద్రపోకు.

నీ వదిన

*

మే 21

వదినా,

దిద్దడానికి ఏమీ లేదు. నువ్వు ఒక పేజీలో చెప్పింది చెప్పడానికి మా డైరెక్టరమ్మకి ఒక పూట పట్టింది.

మా ఆఫీసు ఎలా ఉంటుందని అడుగుతుంటావు కదా. ఏటి గట్టు మీద ఒక పాత గోదాము పై అంతస్తు. మెట్లెక్కుతుంటే తడిసిన గోనెల వాసన వస్తుంది. మూడు దేశాల వాళ్ళం బల్లలు కలిపి వేసుకుని కూర్చుంటాం. కొలతల బల్ల నాది. నాకు ఎదురుగా కొండ దేశం ఇంజనీరు. పెద్ద పెద్ద కనుబొమలు, వాటి కింద ఎవర్నీ నమ్మని చూపు. మేమంతా చాటుగా కనుబొమలాయన అంటాం. ఆయన దగ్గర పెన్సిలు అడిగి తీసుకున్నామంటే, అది తిరిగి చేరేదాకా మన చేతివైపే చూస్తుంటాడు.

కిటికీలోంచి ఏరు కనబడుతుంది. రెండు గట్ల నుంచీ అద్దకం నీళ్ళు కలిసి, ఏటికి ఒక్కో రోజు ఒక్కో రంగు. అందులో మన కొట్టు వెనక కాలవ వాటా కూడా ఉంది. ఒప్పందం కుదిరితే అద్దకం అంతా ఒక్కచోటే జరుగుతుంది, ఆ నీళ్ళు శుభ్రం చేసే యంత్రం ఖర్చు మూడు దేశాలూ భరిస్తాయి. పిడి కోసం కొండల మీద చెట్టు కొడితే, కొట్టినచోటే మళ్ళీ నాటాలి. ఇవి అన్నయ్యకు నువ్వే నచ్చజెప్పాలి. నేను చెబితే చిన్నదానివి నీకేం తెలుసంటాడు.

చలికాలమంతా మూడు దేశాల పనివాళ్ళు ఇక్కడే కూర్చుని ఒక మాదిరి గొడుగు చేశారు. అది ఒక్కటే ఉంది. కర్ర మీద మూడు దేశాల ముద్రలూ వేశారు. దాన్ని పక్కన పెట్టుకునే అందరూ తమ తమ భాగాలు చేయాలి. మూడు దేశాల్లోనూ వీధుల్లో గొడుగులు బాగుచేసేవాళ్ళని కొంతమందిని ఎంచి, ఆ గొడుగుకి సరిపోయే ఊచలూ గుడ్డ పలకలూ మేకులూ డబ్బాల్లో పెట్టి ఇచ్చాం. గొడుగు ఏ దేశంలో విరిగితే ఆ దేశంలోనే బాగుపడాలి, పారేయకూడదు. అదే దీని అసలు గొప్ప. కానీ బజారులో ఆ గొడుగే లేదు కదా, డబ్బాల మూతలు ఇంకా తీయలేదట.

ఆగస్టు చివర్లో మూడు దేశాల పెద్దల సమావేశం. ఆ మాదిరిని వాళ్ళ ముందు పెట్టి, ఇదీ మేం చేయబోయేది అని చూపిస్తేనే సంతకాలు పడతాయి.

అన్నట్టు, కొలత చూడ్డానికని అన్నయ్య పంపిన పిడి మరీ లావుగా ఉందని ఇక్కడ అన్నారు. కాస్త చెప్పు.

ఉంటాను,
నీ ఆడబిడ్డ

*

జూన్ 3

అమ్మాయీ,

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మీ అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టి, "లావా?" అన్నారు. తర్వాత ఒక పిడి పట్టుకుని కొట్టంతా తిరిగారు. కనబడ్డవాడి చేతిలో పెట్టి, "లావుగా ఉందా?" అని అడగడం. కర్ర బేరానికి వచ్చిన పెద్దమనిషిని కూడా వదల్లేదు. అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు, ముసలి మేస్త్రి తప్ప. మేస్త్రి, "కొంచెం లావే బాబూ, నీలాగే" అన్నాడు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకరికి కావాల్సిన సుత్తి ఇంకొకర్ని నా ద్వారా అడుగుతున్నారు.

"పిడి పట్టుకునేవాడి చేతికి ఆనాలి గానీ ఆఫీసు బల్లకి కాదు" అంటున్నారు. లావన్న మాట నీదేనని ఆయన అనుమానం. నేను కాదన్నాను. నాకూ అనుమానంగానే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఏరు దాటగానే మన చేతిపని నీకు మోటుగా కనబడుతోందా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను, కడుపులో పెట్టుకోవడం నాకు చేతకాదు.

నీకు తెలుసు కదా, ఆయన ఏ ఎండకా గొడుగు పట్టే రకం కాదు. ఒకసారి కాదనుకుంటే కాదంతే. ఆయన కాదంటే కొట్టు ఈ ఒప్పందంలో చేరదు. కాబట్టి ఆ లావు సంగతేమిటో వెంటనే తేల్చు.

ఇక్కడ మొదటి జల్లు పడింది. అటక కారుతోంది. గొడుగుల కొట్టు కప్పు కారుతోందని బయట ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది.

నీ వదిన

*

జూన్ 15

వదినా,

తప్పు నాదే, హడావుడిగా రాశాను. చేత్తో పట్టుకునే చోటు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ పైన, ఊచల్ని మోసే గొట్టం కర్ర మీద పైకీ కిందికీ జారుతుంది చూడు, అక్కడ కర్ర వెంట్రుకవాసి లావైంది. ఊచలు కొండ దేశానివి కాబట్టి కర్ర వాటికి తగ్గట్టు ఉండాలి. అంతే. పిడి సంగతంటావా, దాన్ని చేతిలోకి తీసుకున్న కనుబొమలాయన మధ్యాహ్నం దాకా కింద పెట్టలేదు. తన వస్తువు కాదని గుర్తొచ్చి అప్పుడు ఇచ్చేశాడు. మన చేతిపని నాకు మోటా? ఆ మాటకి ఏరు దాటి వచ్చి నీతో పోట్లాడాలనిపించింది.

మాటలతో లాభం లేదని ఒక పని చేశాను. మాదిరి గొడుగునే అన్నయ్య దగ్గరికి పంపిస్తున్నాను. కొండ దేశం వాళ్ళ దగ్గర కొన్నాళ్ళుంది, ఇక్కడి గుడ్డ మిల్లులో కొన్నాళ్ళుంది, ఇప్పుడు మీ వంతు. గుడ్డ బేళ్ళు తెచ్చే లారీలో వస్తుంది. కర్ర దాని పక్కన పెట్టి చూసుకుంటే అన్నయ్యకే తెలుస్తుంది.

ఒక్క సంగతి. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. మూడు దేశాలూ ఒప్పుకునే ఇంకో మాదిరి తేలాలంటే మళ్ళీ ఒక చలికాలం పడుతుంది. మా ఇంటివాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుందని డైరెక్టరమ్మకి నేను మాటిచ్చాను. కనుబొమలాయన లారీ మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

మేస్త్రికీ అన్నయ్యకీ రాజీ చెయ్యి. సుత్తులు మోసీ మోసీ నీ భుజం పట్టేస్తుంది.

నీ ఆడబిడ్డ

*

జూలై 2

అమ్మాయీ,

ముందు మంచివార్త చెబుతాను. చివరిదాకా ఓపిగ్గా చదువు.

గొడుగు వచ్చింది. మీ అన్నయ్య దాన్ని మొదట దూరంగా కూర్చుని చూశారు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు మేనమామ చూసినట్టు. తర్వాత దగ్గరికి తీసుకున్నారు. తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఊచ ఒక్కటీ చప్పుడు చేయలేదు. అప్పుడు మేస్త్రివైపు చాచారు, మాటల్లేవన్న సంగతి మరిచిపోయి. మేస్త్రి ఒక్కో ఊచా వేలితో తడిమి, "ఇలాంటిది చేయాలని నాకూ ఉండేది బాబూ, ఆ ఇనుము మన దగ్గర లేదు" అన్నాడు. ఆ సాయంత్రం తన బల్ల తనే తుడుచుకుని గోడవైపు జరుపుకున్నాడు. మర్నాడు ఆవిరి పెట్టె దగ్గరికి వెళ్ళి, "నాకూ వంచడం నేర్పు" అన్నాడు. మీ అన్నయ్య ఒప్పందం గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. కర్ర మాత్రం సన్నం చేశారు.

ఇక రెండోది. మా అక్క కోడలికి పురుడని నేను రెండు రోజులు ఊళ్ళో లేను. బీరువా తాళం ఆయనకి ఇచ్చి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కుండపోత. బీరువా తీసి చూస్తే గొడుగు లేదు.

"గొడుగేదండీ?"

"కొక్కేనికి పెట్టాను."

"కొక్కేనికి లేదు."

"ఎవరో పట్టుకెళ్ళుంటారు. వానగా."

"ఎవరు?"

"చూళ్ళేదు. వస్తుందిలే."

ఇంతే మా సంభాషణ. ఎందుకలా చేశారని అడిగితే ఆవిరి పెట్టె దగ్గరికి వెళ్ళిపోయారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ప్రతి ఇంట్లోనూ అడిగాను. మందుల షాపులో అడిగాను, బస్సు షెడ్డులో అడిగాను. ఎవరూ చూడలేదు. నిన్ను భయపెట్టడం నాకిష్టం లేదు గానీ, దాస్తే నువ్వు నన్ను ఎప్పటికీ క్షమించవు.

నీ వదిన

*

జూలై 11

వదినా,

ఉత్తరం అందింది.

అన్నయ్యకు ఒప్పందం ఇష్టం లేకపోతే నాకు చెప్పాల్సింది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందన్నాడు కదా, తనే చంపాడు. నా మాట మీద నమ్మి ఇచ్చిన వస్తువుని తీసుకెళ్ళి వీధిలో పెట్టాడంటే ఇంకేమనుకోవాలి? నోటితో కాదనలేక ఇలా కాదన్నాడు.

మాదిరి లేకుండా సమావేశంలో సంతకాలు పడవు. వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. వచ్చే ఏడాది దాకా మన కొట్టు ఆగదని నువ్వే రాశావు. అది అన్నయ్యకు తెలియదా? నా ఉద్యోగం సంగతి సరే, అది పోతే ఇంకోటి చూసుకుంటాను. పనివాళ్ళకి ఏం చెబుతాడు?

డైరెక్టరమ్మకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తోచడం లేదు.

ఇట్లు

*

జూలై 20

అమ్మాయీ,

సంతకం కూడా పెట్టలేదు నువ్వు. ఇట్లు అని రాసి ఆపేశావు.

ఆ ఉత్తరం నేను చదివి వినిపించలేదు. నా మొహం చూసి ఆయనే లాక్కుని చదివారు. చదివి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "చిన్నది కోపంలో ఉంది" అన్నారు. అంతే. నాకు నీ మీద ఒళ్ళు మండింది. నాలుగు మాటలు గట్టిగా రాద్దామని కూర్చున్నాను, కూర్చున్నాక బుర్ర పనిచేసింది. అందుకే ఇది తిట్ల ఉత్తరం కాకుండా పోయింది. నీ అదృష్టం.

ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఆ కొక్కేనికి ఎప్పుడైనా పరాయి గొడుగు ఎక్కిందా? ఒకసారి ఓడ కెప్టెనొకాయన పట్టు గొడుగు తెచ్చాడు, గుర్తుందా? ఇదెలా ఉందో జనం చేత చెప్పించండి, మీకు పుణ్యముంటుందని బతిమాలాడు. మామయ్యగారు ఏమన్నారు? "మనది కాని దాని మంచిచెడ్డలు మనకెందుకు బాబూ" అని వెనక్కి ఇచ్చేశారు. అప్పుడు పీట మీద కూర్చుని ఆ పట్టు గొడుగు కావాలని ఏడ్చింది నువ్వే. మన ఇంట్లో మనది అనుకున్న గొడుగే అక్కడికి ఎక్కుతుంది. నచ్చనిదాన్ని ఆయన బీరువాలోనే ఉంచి, గడువు కాగానే నీకు పంపేసేవారు. అదే సుఖం కదా ఆయనకి.

ఇంకా ఉంది. ఇది రాసే ముందు ఆయన బల్ల కింద ఊడుస్తుంటే రేకు ముక్కలు దొరికాయి. ఇవేమిటని మేస్త్రిని అడిగితే చెప్పాడు. మన కొట్టు చిరునామా కొట్టిన రేకు బిళ్ళ, కొక్కెం గొడుగులకి కట్టేది, కొత్తగా ఒకటి చేసి ఆ గొడుగు పట్టీకి కుట్టారు. ఒప్పందం ఇష్టం లేనివాడు దానికి మన చిరునామా కడతాడా?

నీకు ఆఫీసు అలవాటైంది, అందుకే తాళం అన్నావు. ఆయనకి ఈ కొట్టు తప్ప ఇంకోటి తెలియదు. ఆ గొడుగుని ఆయన పారేయలేదమ్మా, పెంచుకున్నారు. నోరు తెరిచి చెప్పరు, అదొక్కటే జబ్బు. ఇద్దరూ ఒకే కడుపున పుట్టి, ఒకరు మాట్లాడకుండా, ఒకరు ఆగకుండా నా ప్రాణం తీస్తున్నారు.

గొడుగైతే ఇంకా రాలేదు. అది నిజం. పొద్దున లేవగానే ముందు కొక్కెమే చూస్తున్నాను.

సంతకంతో సహా,
నీ వదిన

*

ఆగస్టు 3

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. వదినా, ఇది ఆయనకి చదివి వినిపించు.

కెప్టెను పట్టు గొడుగు గుర్తొచ్చింది. నాన్న అన్న మాట గుర్తొచ్చేసరికి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అన్నయ్యా, నిన్ను అనరాని మాట అన్నాను. నీకు కోపం రాకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది. కొక్కెం కింద పెరిగిన నాకే అది తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

ఆ ధైర్యంతోనే డైరెక్టరమ్మకి అంతా చెప్పేశాను. కొక్కెం గురించి, రేకు బిళ్ళ గురించి కూడా. ఆవిడ అంతా విని, "అంటే మీ అన్నయ్యకి గొడుగు నచ్చినట్టేనా?" అన్నారు. నచ్చిందన్నాను. "మూడు దేశాల్లోనూ మొండివాడని పేరున్న మనిషికి నచ్చింది. అది మంచి కబురే. గొడుగు ఎప్పుడొస్తుంది?" అన్నారు. మా వదిన రోజూ పొద్దున్నే కొక్కెం చూస్తోందన్నాను.

కనుబొమలాయన మాత్రం వింటూనే లేచి నిలబడ్డాడు. "దాచమన్న వస్తువుని దారిన పోయేవాళ్ళకి ఇచ్చేవాళ్ళతో పొత్తా?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఊచల పని మీద ఆయన చలికాలమంతా కూర్చున్నాడు. ఇప్పుడు నేను ఎదురుగా కనబడితే తన పెన్సిళ్ళు సొరుగులో పెట్టేస్తున్నాడు.

సమావేశం దగ్గరపడుతోంది. గొడుగు లేకపోతే వాయిదా ఖాయం. అయినా మనసు తేలికగా ఉంది, ఎందుకో తెలియదు. అన్నయ్య మనది అనుకున్నాడు కదా, అది చాలు అనిపిస్తోంది. చాలదని తెలుసు, అయినా.

చిన్నది

*

ఆగస్టు 16

అర్ధమొగుడు గారికి,

ఇది కూర్చుని చదువు. కూర్చున్నావా?

నిన్న మధ్యాహ్నం వాన వెలిశాక, ఒక నర్సమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. మాట తీరు చూస్తే ఏటవతలి మనిషి. చేతిలో గొడుగు. "ఈ చిరునామా ఇదేనాండీ? చాలా ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అంది. నేను మీ అన్నయ్యని కేకేశాను. మీ అన్నయ్య లోపలి నుంచి వచ్చి, అరువు సైకిలు తిరిగొచ్చినట్టు మామూలుగా అందుకుని, "ఎక్కడ ఇబ్బంది పెట్టింది?" అని అడిగారు. నిజం, మొదటి మాట అదే.

కథ ఇలా ఉంది. ఆ కుండపోత రోజున కొక్కెం నుంచి తీసుకెళ్ళింది గుడ్డ బేళ్ళ లారీ డ్రైవరే. మీ ఆఫీసు నుంచి తెచ్చిన మనిషే. అట్టపెట్టెలో తెచ్చాడు కాబట్టి తను మోసింది ఇదేనని అతనికేం తెలుసు? సరిహద్దు షెడ్డు దగ్గర లారీ ఆపుకుని, తడుస్తూ నిలబడ్డ ఈ నర్సమ్మకి ఇచ్చాడు. ఈవిడ వంతెన దాటుతుంటే గాలికి ఒక ఊచ విరిగింది. వాళ్ళ వీధిలో గొడుగులు బాగుచేసే అతను చూసి, "దీని ముక్క నా దగ్గరుంది" అని మీ డబ్బా మూత తీశాడట. తర్వాత ఆవిడకి కొండ దేశంలో ఆసుపత్రి డ్యూటీ పడింది. అక్కడ ముళ్ళకంచె తగిలి ఒక పలక చిరిగితే, అక్కడి మనిషి కొత్త పలక వేశాడు. తిరుగు ప్రయాణంలో మన సరిహద్దు దగ్గర పిడి మేకు వదులైంది. మనవాడే ఒకడు బిగించాడు. ఎక్కడా ఒక్క ముక్కని అరగదీయాల్సిన పని పడలేదట, అన్నీ వాటి చోట అవే కూర్చున్నాయట.

మీరు ఇన్నేళ్ళుగా సుంకాల గురించి వాదించుకుంటున్నారు కదా. ఆ గొడుగు మూడు సరిహద్దులూ తిరిగొచ్చింది, అడిగినవాడు లేడు. వానలో తల మీద తెరిచిన గొడుగుకి సుంకం ఎవడడుగుతాడు?

మేస్త్రి ఒక్కో అతుకునీ చూపుడు వేలితో లెక్కపెట్టి, "ఏది పాతదో ఏది కొత్తదో చెప్పండి చూద్దాం" అని కొట్టులో అందరితో పందెం కాశాడు. మీ అన్నయ్య కూడా ఓడిపోయారు. ఓడిపోయి నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్ళైందో. నర్సమ్మకి టీ ఇచ్చి, అటక మీది గొడుగుల్లో ఒకటి ఇచ్చి పంపాను. రంగు దిగుతుంది, తెల్ల బట్టల మీద వాడకమ్మా అని కూడా చెప్పాను.

గొడుగు ఇదే లారీలో వస్తోంది. డ్రైవరుకి ఈసారి అందులో ఏముందో చెప్పాను, పాపం చెమటలు పట్టాయి. కింద మీ అన్నయ్య రాస్తానంటున్నారు. మన ఇంట్లో ఇది చరిత్ర, దాచుకో.

నీ వదిన

చిన్నదానికి. గొడ్డు చావలేదు. ఊరంతా మేసి ఇంటికొచ్చింది. మూసి కట్టే పట్టీ పొట్టిగా ఉంది, తడి చేత్తో గుండీ పడ్డం లేదని నర్సమ్మ చెప్పింది. పొడుగు పెంచమను. మిగతాది బాగుంది. తాళం వేయకు. - అన్నయ్య

*

ఆగస్టు 30

వదినా,

సంతకాలు పడ్డాయి. ముందు అన్నయ్యకు చెప్పు, తర్వాత మేస్త్రికి, తర్వాత కూర్చుని మిగతాది చదువు.

సమావేశంలో డైరెక్టరమ్మ గొడుగు బల్ల మీద పెట్టగానే అందరూ మెడలు చాచి చూశారు. మెరిసే కొత్త వస్తువు వస్తుందనుకున్నవాళ్ళ ముందు, ఊచల కొసల దగ్గర బురద ఆనవాళ్ళున్న గొడుగు. బాగా తుడిచాను గానీ మొత్తం పోలేదు. ఈ ఏటవతలి దేశం పెద్దమనిషి ఒకాయన, "ఇది వాడినట్టుందే" అన్నారు. "అవునండీ, మూడు దేశాల్లోనూ" అన్నారు ఆవిడ. నన్ను లేచి చెప్పమన్నారు. కొక్కెం నుంచి మొదలుపెట్టి నర్సమ్మ దాకా చెప్పాను, చిన్నప్పుడు నాన్నకి తిట్లు మోసినట్టే. ఈసారి ఉప్పూ కారం వేయలేదు, అవసరం రాలేదు.

కనుబొమలాయన లేచి వచ్చాడు. గొడుగు తెరిచి, మార్చిన ఊచ ఏదో కనిపెట్టాలని వెతికాడు. తను చేయించిన ఊచే కదా, అయినా కనిపెట్టలేకపోయాడు. చివరికి నన్నే అడిగాడు. చూపించాను. ఆ ఊచని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమాడు. తర్వాత వాళ్ళ దేశం పెద్దలవైపు తిరిగి, "నేను పెట్టమంటున్నాను సంతకం" అన్నాడు.

కొత్త మాదిరి చేయడం లేదు. ఈ అతుకుల గొడుగే మాదిరి. పట్టీ మాత్రం పొడుగు పెంచుతున్నారు, ఒప్పందంలో అది కూడా రాశారు. నర్సమ్మకి కబురు పంపాను. మూడు దేశాలకీ కర్రా పిడీ మన కొట్టు నుంచే మొదలవుతాయి. పనివాళ్ళెవర్నీ తీయక్కర్లేదు, ఇంకా కావాలేమో చూసుకోమను. అద్దకం తొట్టి వచ్చే నెలే మూయొచ్చు. వెనక కాలవలో నీళ్ళు ఏ రంగులో ఉంటాయో మనం ఎప్పుడూ చూడలేదు కదా, చూసి రాయి.

ఇంకొక్కటి. మా గోదాము మెట్ల కింద, వీధి తలుపు పక్కన, నిన్న ఒక కొక్కెం కొట్టించాను. డైరెక్టరమ్మే సుత్తి తెచ్చారు. మాదిరి చూసి మూడు దేశాలూ చేసి పంపిన భాగాలతో బిగించిన మొదటి గొడుగు దానికి తగిలించాను. అన్నయ్య మా ఆఫీసు చిరునామా కొట్టి పంపిన రేకు బిళ్ళ కట్టాను. ఇవాళ పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నం చూస్తే కొక్కెం ఖాళీ. కనుబొమలాయన మెట్ల మీద నిలబడి వీధి చివరిదాకా చూస్తున్నాడు.

"ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాడు.

"చూడలేదు" అన్నాను.

"తిరిగి వస్తుందా?"

"వస్తుందిలే" అన్నాను, వానలోకి చూస్తూ. అనేశాక గానీ తెలియలేదు, అది అచ్చం అన్నయ్య గొంతు.

ఇట్లు,
నీ అర్ధమొగుడు